గడ్డివామిలో లేని పాము

నా చిన్నప్పుడు తిరువూరులో మా ఇంట్లో కుక్కకి ఇంటి గిన్నెలో అన్నం పెట్టేవాళ్లు కాదు. పెరట్లో ఒక పగిలిన కుండ పెంకు ఉండేది, మా నల్లోడికి అదే కంచం. డెబ్భైల్లో మాట, నాకు తొమ్మిదేళ్లు. ఒకరోజు నా కాలు తగిలి ఆ పెంకు ముక్కలైంది. మనుషులు తినని పాత్ర ఏదుందా అని వెతికి, పత్తికి కొట్టే ఎండ్రిన్ మందు కలిపే రేకు గిన్నె కొట్టంలోంచి తెచ్చాను. నీళ్లతో కడిగాను కూడా. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోతూ అందులో గంజన్నం పెట్టాను.

కాసేపటికి వాడు గడ్డివామి పక్కన పడి గిలగిలా కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ. మా తాతయ్య చూస్తూనే పాము కరిచిందన్నాడు. వామిలో పాములు మాకు కొత్త కాదు. ఆయన గబగబా ఏవో ఆకులు నూరి పసరు తెచ్చి వాడి దవడలు పట్టుకున్నాడు. పాము కాదని నాకు తెలుసు. చెబితే వీపు చిట్లుతుందని నోరు మూసుకుని నిలబడ్డాను. పసరు గొంతులో పోశాడు. వాడు ఉక్కిరిబిక్కిరై కళ్లు తేలేశాడు.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి చూసి పరుగెత్తుకొచ్చింది. "బాబాయిగారూ, ఇంకేం పోయకండి. మూర్ఛలో ఉంటే మింగలేడండి, ఊపిరితిత్తుల్లోకి పోద్ది" అంది. వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, గుడ్డతో నోరు తుడిచింది. గోనెసంచి మీద వేసి రిక్షాలో పశువుల ఆసుపత్రికి బయల్దేరదీసి, పట్టుకోవడానికి నన్నూ ఎక్కించింది. తాతయ్య కర్ర పట్టుకుని పాము కోసం వామి దగ్గరే ఉండిపోయాడు.

దారిలో ఆవిడ మెల్లగా అడిగింది. "వీడేం తిన్నాడో నీకు తెలుసు కదమ్మా? చెప్పు, నిన్నెవరూ ఏమీ అనరు. డాక్టరుగారికి తెలియాలి."

ఏడుస్తూ గిన్నె సంగతి చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు, ఆసుపత్రిలో దిగగానే డాక్టరుగారికి అదే చెప్పింది. డాక్టరుగారు చేయగలిగిందంతా చేశారు. పసరు ఊపిరితిత్తుల్లోకి పోయిందని, అది పోయకుండా ఉంటే బతికేవాడేమోనని టీచరమ్మతో అంటుంటే విన్నాను. సాయంత్రానికి నల్లోడు పోయాడు. పోసింది తాతయ్యే, పోయనిచ్చింది నేను.

ఇంటికొచ్చాక ఆ గిన్నెని టీచరమ్మే తీసుకెళ్లి గోతిలో పాతేసింది. తాతయ్యకి మాత్రం ఏమీ చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి, ఎప్పటికైనా చెప్పు అంది నాతో.

ఇవాళ మా మనవల కుక్కపిల్ల ఒక్కసారి కక్కినా, నేను ముందు పిల్లల్ని దగ్గరకి పిలుస్తాను. కొట్టను, తిట్టను, ఏం పెట్టారో చెప్పండర్రా అంటాను. వాళ్లు వెంటనే చెప్పేస్తారు. డాక్టరుకి ఫోను చేసేది ఆ తర్వాతే.

నేను మాత్రం తాతయ్యకి చెప్పలేదు. ఆయన ఆ పాము మళ్లీ వచ్చి పిల్లల్ని ఎక్కడ కరుస్తుందోనని మర్నాటి నుంచి వామి మొత్తం ఒక్కో కట్టే తీసి పక్కన పెట్టాడు. పక్కనుండి నేనూ కట్టలు అందుకున్నాను. మూడో రోజుకి అడుగు నేల కనబడింది. "తప్పించుకుందే అమ్మడూ, జాగ్రత్త" అని నా తల నిమిరాడు. నాకు అరవై దాటినా ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.