పొట్టి కాళ్ళ కుక్కకి మెట్లు

మా బావమరిది హైదరాబాదులో ముచ్చటపడి కొనుక్కున్న కుక్కని ఏడాది తిరక్కుండానే తెచ్చి, అమలాపురంలో మా ఇంట్లో వదిలేశాడు. జానెడు కాళ్ళు, బారెడు నడుం. అపార్టుమెంటులో ఒప్పుకోవట్లేదన్నాడు. మా ఆవిడ తమ్ముడి మాట కాదనలేకపోయింది. నన్నెవరూ అడగలేదు.

నాకు కుక్కలంటే మొదట్నుంచీ రోత. ముసురు పట్టిన రోజుల్లో అది పెరట్లోంచి తడిసొస్తే ఇల్లంతా నానిన గోనెసంచి వాసన. చొంగ కారుతున్న మూతి నా లుంగీకే తుడిచేది. హాల్లో పాతకాలపు టేకు మంచం ఒకటుంది, బాగా ఎత్తు. దానిమీదే పడుకోవాలని కుక్క పంతం. ముందుకాళ్ళు ఆనించి, వెనక్కాళ్ళు గాల్లో కొట్టుకుంటూ ఎలాగో పైకి పాకేది. దిగేటప్పుడు ధబ్బున దూకేది.

ఒక ఆదివారం బావమరిది ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. కుక్క అవస్థ వాళ్ళకి వేడుకైపోయింది. కోడిమాంసం ముక్క మంచం మీద పెట్టి ఎక్కించడం, కింద వేసి దూకించడం, అదంతా ఫోనులో వీడియో తీసి ఇంటర్నెట్లో పెట్టడం.

"ముక్క మీరు పట్టుకోండి బావగారూ. మీ చేతికైతే బాగా గెంతుద్ది."

పట్టుకున్నాను. ఎన్నిసార్లు గెంతించానో లెక్క లేదు. అది బోర్లా పడ్డప్పుడల్లా వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్న అది లేవలేదు. వెనక్కాళ్ళు చచ్చుబడి, తన మలంలోనే పడి ఉంది. నన్ను చూసి తోక ఆడించబోయింది, కదల్లేదు. పాత పంచె చింపి తుడిచాను. మధ్యలో రెండుసార్లు కక్కుకోడానికి పెరట్లోకి పరిగెత్తాను. తర్వాత అట్టపెట్టెలో పడుకోబెట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరుగారు దాని నడుం నెమ్మదిగా నొక్కి చూశారు. "ఎత్తు మీంచి ఎవరైనా దూకించేరాండీ?"

"లేదండీ. దానికదే దూకింది."

ఆ అబద్ధం నా నోట్లోంచి అంత సులువుగా వచ్చినందుకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"పొడుగు నడుం కదండీ. గెంతినప్పుడల్లా బరువంతా వెన్నుమీదే పడుద్ది. నెల్లాళ్ళు కదలనివ్వకండి. నయమైనా సరే, మళ్ళీ దూకనివ్వకూడదు. మంచానికి మెట్లు చేయించండి."

ఆ నెల్లాళ్ళూ రోజుకి నాలుగుసార్లు గుడ్డలు మార్చాను. మా ఆవిడ చెయ్యబోతే వద్దన్నాను. నేను దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అది నా చెయ్యి నాకేది. ముక్క చూపించి ఆడించిన చెయ్యే అది. చొంగ కంటే ఆ చెయ్యే నాకు ఎక్కువ అసహ్యంగా ఉండేది.

నాలుగో వారంలో వెనక్కాళ్ళు కూడా ఆనించి నిలబడింది. అప్పుడు వడ్రంగిని పిలిచాను.

"మెట్లు కుక్కకా మేస్టారూ?"

"ఆయ్, కుక్కకే."

ఆయన నవ్వు దాచుకుని, మనుషులెక్కే మెట్లలాగే నిటారుగా చేసుకొచ్చాడు. కుక్క మొదటి మెట్టుమీద ముక్కు పెట్టి వెనక్కి తిరిగింది. నేను స్కేలు తెచ్చి దాని కాళ్ళు కొలిచాను. ఈసారి ఒక్కో మెట్టు నాలుగు వేళ్ళ ఎత్తు, కుక్క నాలుగు కాళ్ళూ ఆనేంత వెడల్పు. గోళ్ళు జారకుండా పైన కొబ్బరి పీచు పట్టా తాళ్ళతో కట్టించాను. మెట్టు మెట్టుకీ ఉడికించిన గుడ్డు ముక్క పెట్టి వారం రోజులు కూర్చున్నాను. ఎక్కడం తొందరగానే వచ్చింది. దిగడానికే, దూకే అలవాటు మానడానికే, వారమంతా పట్టింది.

బావమరిది మళ్ళీ వచ్చాడు. మెట్లు చూసి ఫోను తీశాడు.

"భలే ఉన్నాయండీ. వీటిని పక్కకి లాగి ఒక్కసారి దూకిద్దాం బావగారూ. ముందెలా ఉండేది, ఇప్పుడెలా ఉందని పెడతాను." మాట్లాడుతూనే కాలితో మెట్లు జరిపాడు.

"కాలు తియ్యి," అన్నాను.

"సరదాకండి."

"నీ సరదాకీ నా సరదాకీ అది నెల్లాళ్ళు తన రొచ్చులో పడి ఉంది. ఇంక దాని దగ్గరికి రాకు."

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "ఆ పాత వీడియో తీసెయ్యరా," అంది.

"చాలామంది చూసేరక్కా. ఎలా తీస్తాను?"

 మా ఆవిడ తమ్ముడికి వడ్డించిన కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను భోజనం చెయ్యకుండానే బస్సెక్కాడు. ఇప్పుడు అక్కకి ఫోను చేస్తాడు గాని, కుక్క ఊసెత్తడు.

కుక్క కుడి వెనక్కాలు కాస్త ఈడుస్తుంది. రోజూ మెట్లెక్కి మంచం మీద పడుకుంటుంది, మెట్లమీంచే దిగుతుంది. వానాకాలంలో ఆ పీచు పట్టా కొట్టే కంపు చెప్పలేను. ముక్కు మూసుకుని దాన్ని నేనే ఉతికి ఆరేస్తాను.