ఆరుకీ ఏడుకీ మధ్య

2004లో తాడేపల్లిగూడెంలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఆ పని నాకెవరూ నేర్పలేదు. వెలుతురు, దూరం నోటుబుక్కులో రాసుకుంటూ, లెక్కగట్టుకుంటూ నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం పెంటపాడు నుంచి సత్యవతి అనే ఆవిడ ఏడేళ్ల దుర్గను వెంటబెట్టుకొచ్చింది. పిల్ల బెంచీ చివరికి జరిగి ఆవిడతో, "కూర్చోండి," అంది. మేనత్త కాబోలు అనుకున్నాను.

"తల్లినేనండి. కువైట్‌లో ఇంటిపనికెళ్లి ఆరేళ్లయింది. వచ్చి పన్నెండు రోజులైనా నన్ను అండీ అంటోంది."

అక్కణ్నుంచి ఆవిడ పంపిన ఫొటోలన్నీ నల్ల స్కార్ఫ్‌తో దిగినవే. పిల్ల రోజూ ఆ ఫొటోకి "అమ్మా" అని చెప్పి పడుకునేదట. చీర కట్టుకుని వచ్చిన మనిషి మాత్రం ఎవరో.

"ఇక్కడ కూడా స్కార్ఫ్ కట్టుకోకపోయారా?"

"కట్టుకుంటే వీధిలో నవ్వుతున్నారండి. తీసేస్తే నాకే తల బోసిగా ఉంటోంది. ఇద్దరూ ఒకరేనని దానికి తెలిసేలా ఒక ఫొటో తియ్యండి. ఇంకో ఇరవై రోజుల్లో వెళ్లిపోవాలి."

మొదట మాస్కింగ్ చేశాను. అంటే లెన్సు సగం మూసి, ఒకే నెగెటివ్ మీద రెండుసార్లు తీయడం. ముక్కు మధ్యగా గీత కొలిచి సగం స్కార్ఫ్‌తో, సగం బొట్టుతో తీశాను. వారానికి ప్రింటు చూసి దుర్గ, "ఇద్దరున్నారండి," అంది.

అప్పుడు తొమ్మిది ఫొటోలకు లెక్కేశాను. ఒక్కోదానికి స్కార్ఫ్ అంగుళం వెనక్కి జరగాలి, ముఖం కదలకూడదు. పిల్లను పక్కన నిలబెట్టి చూడమన్నాను.

ఆరోది తీశాక స్కార్ఫ్ పోగు ఆవిడ చెవి జూకాకి చిక్కుకుంది. కదలొద్దన్నానని ఆవిడ ఒక చేత్తోనే మెల్లగా లాగుతోంది. నేను తల దించి రీలు తిప్పుతున్నాను.

"ఉండు, లాగకు. చెవి తెగుద్ది."

తలెత్తేసరికి దుర్గ తల్లి ఒళ్లోకెక్కి పోగు విడదీస్తోంది. సత్యవతి, "మిగతా మూడూ తియ్యండి," అంది. పిల్లను దించలేదు. కాబట్టి ఆ మూడింట్లో ఇద్దరున్నారు.

కాంటాక్ట్ షీట్, అంటే నెగెటివ్‌లన్నీ వరసగా అచ్చువేసిన కాగితం, ఒకటి నా దగ్గరా ఉంచుకున్నాను. ఏ అంగుళం దగ్గర ఆ పిల్లకి తల్లి కనబడిందో ఇప్పటికీ తేలలేదు. ఆరుకీ ఏడుకీ మధ్య సన్నని నల్లగీత ఉంది, అంతే.

అప్పట్నుంచి రీలు తిప్పేటప్పుడు తల దించడం మానేశాను.