శిరీష ప్రెజెంట్, మానస ఆబ్సెంట్

మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం వినండి. పట్టపగలు, నిండు సభలో, కుర్చీలో కూర్చుని ఉండగానే నన్ను నేను ఆబ్సెంట్ వేయించుకున్నాను! ఎలాగంటారా? టీ చల్లారేలోపు చెప్పేస్తా.

నా పేరు మానస. కెనడాలో, టొరంటో పక్కన ఏజాక్స్ అనే ఊళ్ళో ఒక బేస్‌మెంట్‌లో ఉంటాను. ఆరుగురం ఆడపిల్లలం. ఆరుగురంటే ఇల్లంతా గోలగోలగా ఉంటుందనుకుంటారు కదూ? మా అమ్మ కూడా అలాగే అనుకుని నిశ్చింతగా ఉంది. కానీ శిరీషది నైట్ షిఫ్ట్. అఖిలది తెల్లారకముందే బేకరీ. రమ్య, జ్యోత్స్న వేర్‌హౌస్‌లో. హారిక జీవితం సగం టొరంటో ట్రైన్‌లోనే. నేను లేచేసరికి పక్క పరుపు ఇంకా వెచ్చగా ఉంటుంది, మనిషి మాత్రం ఉండదు. మా కాపురమంతా ఫ్రిజ్ మీద చీటీలతోనే. "పాలు అయిపోయాయి." "నా గుడ్లు ఎవరు తిన్నారు?" "నేను కాదు." "నేనూ కాదు." ఇవే మా కబుర్లు.

నాకింకా పని దొరకలేదు. ఈ ఏడాది మనవాళ్ళు ఎంతమంది దిగారో మీకు తెలుసుగా! ఒక కాఫీ షాపు వాళ్ళు ఇద్దరిని తీసుకుంటామన్నారని తెలిసి, రెజ్యూమె పట్టుకుని పరిగెత్తాను. లైను పార్కింగ్ లాట్ దాటి బస్టాప్ దాకా వచ్చేసింది. నాకు బస్టాప్ దగ్గరే చోటు దొరికింది. అక్కడే ఆ పోస్టర్ కనపడింది.

"మీ మాట వినాలని ఉంది." ఇంగ్లిష్‌లో లెండి, ఇంతింత అక్షరాలతో. పక్కన వయొలిన్ పట్టుకున్న ఒక పాప బొమ్మ.

అప్పటికి మూడు రోజులైంది నేను మనిషితో మాట్లాడి. బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి చెప్పే థాంక్యూ తప్ప. అలాంటిది, ఈ ఊళ్ళో ఎవరికో నా మాట వినాలని ఉందట! కింద చిన్న అక్షరాల్లో చాలా రాశారు కానీ నేను చదవలేదు. అది నా జబ్బు. డిగ్రీలో కూడా ప్రశ్న సగం చదివి ఆన్సర్ రాయడం మొదలుపెట్టేదాన్ని, అందుకే మూడు బ్యాక్‌లాగ్స్. నాకు అర్థమైందల్లా ఇంతే. శనివారం పదకొండింటికి, మా వీధి చివర స్కూల్ జిమ్‌లో, అందరూ రావచ్చు.

శనివారం పొద్దున్నే తలంటుకున్నా. చిలకాకుపచ్చ చుడీదార్ వేసుకుని, పైన జాకెట్ తగిలించుకుని, కాటుక పెట్టుకున్నా. ఎందుకు కాటుక అంటే నాకు మాత్రం ఏం తెలుసు! నా మాట వినడానికి ఎవరో కూర్చుని ఉంటారు కదా, అంతే.

గుమ్మంలో ఒక ముసలావిడ అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "నీ వయసు వాళ్ళు రానే రారమ్మా, చాలా సంతోషం!" అని చేయి పట్టేసుకుంది. నా కళ్ళు చెమర్చాయి. కాగితం మీద పది గళ్ళు, నాలుగే నిండాయి. అయ్యో పాపం, జనం రాలేదు కాబోలు అనుకున్నా.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా విమెన్స్ కాలేజీలో అటెండెన్స్ అంటే ఎవరిది వాళ్ళు వేసుకునేది కాదు. రూమ్‌లో నిద్రపోతున్న వాళ్ళందరిదీ లేచిన వాళ్ళు వేయాలి. అది ధర్మం. మూడేళ్ళు నేను నలుగురికి ప్రాక్సీ వేశాను, ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు! ఒక్కరోజు దొరకలేదు. అందుకని చేయి దానంతటదే రాసేసింది. శిరీష. అఖిల. రమ్య. జ్యోత్స్న. హారిక. అందరికంటే చివర మానస. నిజం చెప్పొద్దూ, ఆ పేర్లన్నీ ఒకచోట వరసగా చూస్తుంటే ఎంత బాగుందో! మేం ఆరుగురం ఒక్కచోట ఉండటం అదే మొదటిసారి.

గళ్ళు నిండిపోయాయి. ముసలావిడ నా వెనకాల తలుపు వైపు చూసింది. "మిగతా వాళ్ళు?"

"వస్తున్నారు" అన్నాను. అది కూడా అలవాటే.

లోపల నలభై మంది దాకా ఉన్నారు. జనం రాకపోవడమేంటి, కుర్చీలు దాదాపు నిండిపోయాయి! మరి గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడైనా ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. ఎందుకంటే అప్పుడే మైక్ దగ్గరికి స్కూల్ బోర్డు తరఫున ఒకాయన వచ్చాడు. డేనియల్ అట. బూడిదరంగు స్వెటర్, మెత్తటి గొంతు. "మీరందరూ వచ్చినందుకు నిజంగా సంతోషంగా ఉంది" అంటూ సరిగ్గా నా వైపే చూశాడు. నా వెనక గోడ మీద గడియారం ఉందని తర్వాత తెలిసింది.

ఆయన చెప్పింది ఇదీ. ఈ మామూలు స్కూల్‌ని ఆర్ట్స్ అకాడమీగా మార్చాలని ఆలోచన. సంగీతం, డాన్సు, బొమ్మలు. ఆడిషన్ పెట్టి పిల్లల్ని తీసుకుంటారు. అలా చేసేముందు చుట్టుపక్కల వాళ్ళని అడగాలని ఈ మీటింగ్. "మాట్లాడతామని పేరు రాసినవాళ్ళు పది మంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు" అన్నాడు.

మాట్లాడతామని పేరు రాసినవాళ్ళు!

అప్పుడర్థమైంది ఆ కాగితం ఏంటో. లేచి వెళ్ళిపోదామంటే నా పక్క కుర్చీలోకి ఒకావిడ రొప్పుతూ వచ్చి కూలబడింది. చేతిలో నాలుగు మడతల కాగితం. చూడగానే మనవాళ్ళే అని తెలిసిపోయింది. కళ్ళలో నీళ్ళు. నన్ను చూసి, "తెలుగేనా బిడ్డా? చూడు, షిఫ్ట్ మార్పించుకుని ఉరుక్కుంట వస్తే లిస్ట్ అయిపోయిందంట. ఎవరో ఒక్కరే ఆరు పేర్లు రాసిండ్రంట! ఏం మనుషులో ఏమో!" అంది.

"అయ్యయ్యో! కదాంటీ" అన్నాను నేను. ఇంకేమనను?

ముందు నలుగురు మాట్లాడారు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. తర్వాత డేనియల్ కాగితం చూసి, పాపం కష్టపడి, "షి... రీ... షా?" అన్నాడు.

ఒట్టేసి చెప్తున్నా, నేను అనాలనుకోలేదు. నోరే అనేసింది. అదీ శిరీష గొంతుతో, కొంచెం ముక్కుతో.

"ప్రెజెంట్!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి మైక్ వైపు చేయి చూపించాడు. ఇక వెళ్ళక తప్పుతుందా?

ఏం మాట్లాడాలి? స్కూల్ గురించి నాకేం తెలుసు? తెలిసిందే చెప్పాను. "మా బేస్‌మెంట్ కిటికీలోంచి ఈ వీధిలో నడిచేవాళ్ళ బూట్లు మాత్రమే కనిపిస్తాయి. ఎవరివో మొహాలు తెలీవు. ఇక్కడ వయొలిన్ స్కూల్ పెడితే కనీసం పాటైనా కిందికి వస్తుంది. పాట వినిపిస్తుంటే మనిషి ఒక్కడే ఉన్నట్టు ఉండదు. కాబట్టి అకాడమీ పెట్టండి, తప్పకుండా పెట్టండి." ఇంకా ఏదో చంద్రుడు, మంచు అని కూడా అన్నాననుకుంటా. చప్పట్లు మోగాయి! డేనియల్ గుండె మీద చేయి వేసుకుని, "ఐ హియర్ యూ, శిరీషా" అన్నాడు.

అబ్బ! ఆ మాట అనేటప్పుడు నా పేరుతో అనుంటే ఎంత బావుండేది!

తేలిపోతూ వచ్చి కూర్చున్నా. పక్కన ఆంటీ నిప్పులు కక్కుతోంది.

"నీకేం బిడ్డా, పాటలు కావాలి, చందమామ కావాలి. మా పోరడు రెండో క్లాసు. పాట రాదు, ఆట రాదు, బొమ్మ గీస్తే అది ఏనుగో ఇస్త్రీ పెట్టెనో ఆ దేవుడికే ఎరుక. ఆడిషన్‌ల వాడు పాసైతడా? అకాడమీ అయితే వాణ్ణి బస్సెక్కించి వేరే స్కూల్‌కి పంపాలంట. నేను పొద్దున ఆరింటికే నర్సింగ్ హోమ్ డ్యూటీకి పోవాలి. మా ఆయన ట్రక్ తోలుకుంట ఏ ఊర్ల ఉంటడో తెల్వదు. ఇప్పుడంటే నాలుగిండ్ల అవతలే స్కూల్, పక్కింటి పిల్లలతో నడిచిపోతడు. రేపు వాణ్ణి బస్సు ఎవరెక్కిస్తరు? నువ్వెక్కిస్తవా?"

పాట వస్తుందని మురిసిపోయానే గానీ, ఆ పాట ఎవరి పిల్లాణ్ణి బయటికి పంపిస్తుందో నాకు తట్టలేదు.

అంతలో "అఖిలా?" అన్నాడు డేనియల్. అందరూ తలుపు వైపు చూశారు. "వస్తున్నారని చెప్పారు" అంది ముసలావిడ గుమ్మంలోంచి. సరే ఆగుదామన్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎవరో తుమ్మారు.

ఆంటీ లేచింది. "రాని వాళ్ళకి టైమ్ ఉంది, వచ్చిన నాకు లేదా?" అని ఇంగ్లిష్‌లోనే గట్టిగా అడిగింది. డేనియల్ మొహం చిన్నబోయింది. పేరు రాసినవాళ్ళు వదులుకుంటేనే ఇంకొకరికి ఇవ్వగలమని, రూల్ అని, ఏదో నసిగాడు. ఆంటీ కాగితం మడత పెట్టేస్తోంది. నేనింక ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"వాళ్ళు రారండీ. అఖిల, రమ్య, జ్యోత్స్న, హారిక నా రూమ్మేట్స్. నలుగురూ డ్యూటీలో ఉన్నారు. వాళ్ళ పేర్లు నేనే రాశాను. హాజరు పట్టీ అనుకున్నాను. తప్పు నాదే. వాళ్ళ టైమంతా ఈ ఆంటీకి ఇచ్చేయండి."

జిమ్‌లో గుసగుసలు. ముసలావిడ నోరు తెరిచింది. డేనియల్ మాత్రం నవ్వాపుకుంటూ, "థాంక్యూ, శిరీషా" అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది, నేను శిరీషని కూడా కాదని. కానీ ఒకసారికి ఎన్ని తప్పులు ఒప్పుకుంటాం చెప్పండి?

ఆంటీ మైక్ పట్టుకుంది. నలుగురి టైమూ, పన్నెండు నిమిషాలూ వాడేసింది! ఏనుగు, ఇస్త్రీ పెట్టె కూడా చెప్పింది. జనం పడీపడీ నవ్వి, చివర్లో పొద్దున ఆరింటి సంగతి వచ్చేసరికి గమ్మునైపోయారు. "ఈ వీధి పిల్లలకి ఆడిషన్ లేకుండా సీట్లు ఉంచాలి" అని డేనియల్ పెద్ద చార్ట్ మీద రాసి కింద గీత గీశాడు. బోర్డు ఏం తేలుస్తుందో ఇంకా తెలీదు, కానీ గీతైతే గీశాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంతలో లిస్ట్‌లో ఆఖరి పేరు పిలిచాడు.

"మానసా?"

నేను సగం లేచాను. లేచి, ఆగిపోయాను. మానసగా ఎలా వెళ్తాను? నేను శిరీషని కదా!

"మానసా? ఉన్నారా?"

అందరూ తలుపు వైపు చూశారు. వాళ్ళతో పాటు నేనూ చూశాను. మీరు నమ్మరు, ఒక్క క్షణం నిజంగానే ఎవరో వస్తారేమో అనిపించింది.

"ఈవిడ కూడా మీ రూమ్మేటేనా, శిరీషా?" అని అడిగాడు డేనియల్.

"అవునండీ."

"రాలేదా?"

"లేదండీ. పనిలో ఉంది." ఉద్యోగం లేని నేను!

"అయ్యో. ఆమె మాట కూడా వినాలని ఉండింది" అంటూ నా పేరు కొట్టేశాడు. ఆ పెన్ను చప్పుడు నాకు వినిపించింది.

మీటింగ్ అయ్యాక జాకెట్ తగిలించుకుని గబగబా బయటపడుతుంటే వెనకనుంచి కేక. "ఓ శిరీషా! ఆగు." ఆంటీ. తిడుతుందేమోనని బిక్కచచ్చిపోయాను. దగ్గరికొచ్చి నా మొహం కాసేపు చూసింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నవా?"

"తిన్నానాంటీ."

"ఏం తిన్నవ్?"

నేను జాకెట్ జిప్పు పైకి లాక్కున్నాను. అంతే, ఆదివారం భోజనానికి రమ్మంది. నంబర్ తీసుకుని 'శిరీష బేస్‌మెంట్' అని సేవ్ చేసుకుంది. "నీ రూమ్మేట్స్‌ని కూడా తీసుకురా. ఆఖర్న పిలిచిండ్రే, ఆ పిల్లను ముఖ్యంగా. పాపం శనివారం కూడా పనేనంట."

ఆదివారం వెళ్ళాను. ఒక్కదాన్నే. వేడివేడి అన్నం, పచ్చిపులుసు, బెండకాయ వేపుడు, మటన్ కూర. మీదెక్కడ అంటే గుంటూరు దగ్గర అన్నాను. మానసది? అంది. "తనదీ మా ఊరేనాంటీ." ఎట్లుంటది ఆ పిల్ల? "బాగుంటుందాంటీ. కాకపోతే కొంచెం ఊహలెక్కువ." ఎందుకు రాలేదు? "ఒంట్లో బాలేదాంటీ." నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడాను. ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో! ఆవిడ "శిరీషా, ఇంకొంచెం పెట్టుకో" అన్నప్పుడల్లా ధైర్యం ముద్దతో పాటు లోపలికి పోయింది. చెబితే మళ్ళీ పిలవదేమోనని భయం, అదే అసలు సంగతి.

వచ్చేటప్పుడు ఒక డబ్బా చేతిలో పెట్టింది. మూత మీద టేపు అంటించి, మార్కర్‌తో రాసింది. మానస.

ఇంటికొచ్చాను. ఎవరూ లేరు. డబ్బా ముందు పెట్టుకుని ఆ అక్షరాలు చూస్తూ కూర్చున్నా. కెనడా వచ్చాక నా పేరు ఇంకొకరు చేత్తో రాయడం అదే మొదలు. కూర ఇంకా వెచ్చగానే ఉంది. తింటుంటే ఎందుకో కళ్ళ వెంట ధారలు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"శిరీషా, ఆ పిల్ల తిన్నదా?"

"తింటోందాంటీ."

"నచ్చిందా?"

"చాలా నచ్చింది. ఏడుస్తోంది కూడా." నోరు జారింది!

"ఏడుస్తుందా! ఎందుకమ్మా?"

ఏం చెప్పను? ముక్కు ఎగబీల్చుకుని, "కారం ఎక్కువైందటాంటీ" అన్నాను.

అవతల ఆంటీ ఒకటే నవ్వు. "గుంటూరు పిల్లకు మా నిజామాబాద్ కారం ఎక్కువైందా! ఉండు, మా ఆయనకు ఫోన్ చేసి చెప్త!"

అదండీ సంగతి. ఈపాటికి ఆ ట్రక్‌తో పాటు నా ఊరి పరువు కూడా కెనడా అంతా తిరుగుతూ ఉంటుంది.