కొక్కెం కింద మనిషి

ఇనుప పలకలు కోసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. మేనేజరు మొదలుకొని గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆవిడ క్రేనక్కే. రేకుల కప్పు కింద, మూడంతస్తుల ఎత్తున, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కదిలే క్రేనుకు ఒక గాజు గది వేలాడుతూ ఉంటుంది. అందులో కూర్చుని రెండు మీటలతో టన్నుల బరువును పసిపిల్లను పడుకోబెట్టినంత మెత్తగా కిందికి దించుతుంది. ఆడమనిషికి క్రేనేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, ఇప్పుడు ఆమె సెలవు పెడితే పెద్ద పలకల జోలికి పోరు.

కింద నిలబడి సైగలు చేసేది ఆమె మొగుడు. పలకలకు గొలుసులు తగిలించడం, కొక్కేనికి దారి చూపించడం ఆయన పని. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి వ్యవహారమంతా చేతులతోనే. చూపుడు వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. పదిహేనేళ్లు చేసేసరికి ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. అన్నం చాలనడానికి ఆయన పిడికిలి చూపిస్తాడు. ఆమెకు కోపం వచ్చినప్పుడు అరచెయ్యి మెల్లగా కిందికి ఊపుతాడు. దాంతో ఆ కోపం రెట్టింపవుతుంది.

ఏడాదికొక రోజు ఆమె ఈ మొగుడి ఆయుష్షు కోసం ఉపవాసం ఉంటుంది. తెల్లవారకముందు తిన్నదే తిండి. మళ్లీ చంద్రుడు కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. పెళ్లయిన ఏడాది అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని చేయించింది. మామగారు పోయాక ఆవిడ ఉపవాసం మానేసింది గానీ, కోడలు ఎలా ఉంటోందో చూడడం మానలేదు. ఆ రోజు సెలవు పెట్టుకోవచ్చుగా అని ఎవరన్నా క్రేనక్క వినేది కాదు. పస్తుండి కూడా పని చేయగలనని ఆమెకు కాస్త గొప్ప. ఉండకూడదా ఏం, పదిహేనేళ్లలో చెయ్యి ఒక్కసారి తడబడలేదు మరి.

ఈసారి మాత్రం పొద్దున్నే గాజు గదిలో ఫ్యాను చెడిపోయింది. నెత్తిమీద రేకులు కాలిపోతున్నాయి. మధ్యాహ్నం మూడయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. డ్యూటీ దిగడానికి ఇంకో రెండు గంటలే, ఓపిక పట్టు అని తనకు తానే చెప్పుకుంటూ నాలుగు టన్నుల పలకను ఎత్తింది. అది సగం దూరం వెళ్లాక కింద ఆయన అరచెయ్యి ఊపాడు. ఆమెకు రెండు అరచేతులు కనబడ్డాయి. కళ్లు నులుముకుని చూస్తే, ఇద్దరు మొగుళ్లు పక్కపక్కనే నిలబడి దించమంటున్నారు. ఇద్దరికీ జానెడు దూరంలో పలక ఊగుతోంది.

ఆమె వెంటనే మీటల మీద నుంచి చేతులు తీసేసింది. మీట వదిలితే బ్రేకు పడుతుంది, బరువు ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. ఆ తర్వాత హారన్ బారుగా మోగించింది. కింద అందరూ తప్పుకోండని దాని అర్థం. పదిహేనేళ్లలో ఆమె ఆ హారన్ అలా నొక్కడం అదే మొదలు. ఆయన పనివాళ్లందరినీ గోడ వారకు తోలి, తానూ వెళ్లి నిలబడి పైకి చూశాడు.

ముఖం తుడుచుకోవడానికి గుడ్డ కోసం సీటు వెనక తడిమితే చేతికి సీసా తగిలింది. నిండా నీళ్లున్నాయి. తన సీసా ఇంట్లోనే వదిలి వచ్చింది, మరి ఇది ఎవరిదో తెలియలేదు. ఒక్క క్షణం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పలక దించాలంటే ముందు కళ్లు నిలవాలి. మూత తీసి గడగడా తాగేసింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు. పది నిమిషాలకు మొగుడు మళ్లీ ఒక్కడే అయ్యాడు. పలకను ఉండాల్సిన చోట, చప్పుడు కాకుండా దించింది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఆయన కోసం ఉన్న ఉపవాసం చెడగొట్టుకుంది. ఇప్పుడు ఆయనకేమైనా అయితే? ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటరు మీద ఆయన నడుము గట్టిగా పట్టుకుని, ఎదురొచ్చే ప్రతి లారీనీ శత్రువులా చూసింది. నెమ్మదిగా, నెమ్మదిగా అని ఆమె అంటూంటే, వెనక సైకిలువాళ్లు కూడా దాటిపోతున్నారని ఆయన గొణిగాడు.

ఇంటికి రాగానే అత్తగారు మేడ మీద ఉందని తెలిసి తిన్నగా పైకి వెళ్లింది. దాచే మనిషి కాదు, దాచితే నిద్ర పట్టదు.

"అత్తయ్యా, నేను నీళ్లు తాగేశాను."

అత్తగారు ఎందుకని అడిగింది.

"ఆయన ఇద్దరుగా కనబడ్డారు. నెత్తిమీద నాలుగు టన్నులు. ఆ ఇద్దరిలో ఎవరి మీద పడినా నాకు మిగిలేదెవరు?" అని కోడలు ఏడ్చేసింది. ఆ సీసా ఎవరు పెట్టారో కూడా తెలియదంది.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే పెట్టాను. ఏటా పెడుతున్నాను, మర్నాడు తీసి పారబోస్తున్నాను. నాకోసం పస్తున్న మనిషి పైన, కొక్కెం కింద నేను. నాకు మాత్రం ప్రాణమంటే తీపి ఉండదా?"

ఏడుస్తున్నదల్లా క్రేనక్క నవ్వేసింది. ఏటా తన గొప్ప చూసుకుని తాను మురిసిపోతుంటే, కింద ఈయన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడన్నమాట. పదిహేనేళ్లూ ఒక్క మాటైనా అనలేదు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. కోడలి చెయ్యి అందుకుంది.

"నేను ముప్ఫై ఏళ్లు చుక్క ముట్టలేదమ్మా. అయినా మీ మామగారు యాభై ఎనిమిదికే పోయారు. ఏ ఏడాది ఏం తప్పు చేశానా అని ఈ రోజు దాకా వెతుక్కుంటూనే ఉన్నాను. నువ్వు ఆ నీళ్లు తాగబట్టే నా కొడుకు ఇంటికొచ్చాడు. నువ్వు వెతుక్కోకు."

"మరి మీరు, అత్తయ్యా?"

"ఇవాళ్టితో నేనూ ఆ వెతుకులాట మానేస్తాలే" అని పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ముఖం అంత తేటగా ఉండడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక నుంచి చంద్రుడు మెల్లగా పైకి వచ్చాడు. అత్తగారు కిందికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి కోడలి చేతికిచ్చింది. ఒకసారి తాగేశాక ఇంకా తాగవచ్చో లేదో తేలక క్రేనక్క మొగుడి వంక చూసింది.

ఆయన చూపుడు వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పాడు. ఆమె గ్లాసు ఎత్తింది.