దేంట్లో అని అడిగే మనిషి

నిన్న పొద్దున రత్నమన్న అనే పడవాయన తెచ్చిన జీపీఎస్ పెట్టె విప్పి తీగ అతికిస్తుంటే, కరిగిన సీసం పొగ ముక్కుకు తగిలింది. ఆ వాసనతోపాటే దేవదానం గారూ, ఆయన మీద నాకున్న కోపమూ గుర్తొచ్చాయి. మనిషి పోయి ఏడాది దాటింది. కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

సూళ్లూరుపేటలో నేను పనిచేసే ఈ దుకాణం ఆయనదే. పడవల జీపీఎస్‌లు బాగుచేసుకునే మనిషి, అరవై ఏళ్ల వయసులో విమానం సిమ్యులేటర్ల మీద పడ్డారు. నేల మీదే కూర్చుని విమానం నడపడం నేర్చుకునే యంత్రాలవి. వాటి తెరమీద కనిపించే మీటర్లకు ప్రోగ్రాములు రాయడానికి నన్ను పెట్టుకున్నారు. మనుబోలు నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. ఆయనతో వేగడం ఎంత కష్టమో మొదటి రోజే తెలిసింది. బల్ల పొడవు నాలుగు అంటే "దేంట్లో?" అనేవారు. టీలో చక్కెర రెండు అంటే "దేంట్లో? స్పూన్లా, గిద్దెలా?" అనేవారు. టీ కొట్టాయన కూడా తల పట్టుకునేవాడు.

ఒకసారి విమాన శిక్షణ ఇచ్చేవాళ్లు మా యంత్రం చూస్తామన్నారు. నచ్చితే దుకాణం, నా ఉద్యోగం నిలబడతాయి. నచ్చకపోతే రెండూ ఉండవు. నేను రాయాల్సింది ఒక్క మీటరు. విమానం చేరాల్సిన తర్వాతి చోటు ఏ దిశలో ఉందో సిమ్యులేటర్‌లోని జీపీఎస్ నుంచి తీసుకుని సూదితో చూపించాలి. రాశాను. విమానాన్ని ఎక్కడికి తీసుకెళ్లినా ఆ సూది ఆరు డిగ్రీలు దాటి కదిలితే ఒట్టు. సూది బొమ్మ మార్చాను, కోడంతా తిరగరాశాను, కంప్యూటర్‌ని తిట్టాను. దేవదానం గారు వెనక నిలబడి ఒకటే మాట.

"అది ఇచ్చే అంకె దేంట్లో అమ్మా?"

"డిగ్రీల్లోనే కదా సార్ ఇస్తుంది!"

"డిగ్రీలని ఎవురు చెప్పినారు?"

మూడో రోజు సాయంత్రం నాకు ఒళ్లు మండిపోయింది. "తప్పేమిటో మీకు తెలుసు! తెలిసీ చోద్యం చూస్తున్నారు. రేపే వాళ్లొచ్చేది!" అని అరిచాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మా బావ రత్నం పడవ నడిసముద్రంలో ఆగిపోయింది. ఫోన్ చేసి, ఉత్తరం పదమూడు, నలభై రెండు అన్నాడు. నేను పదమూడు పాయింట్ నలభై రెండని రాసి, వెతికేవోళ్లకి ఇచ్చినా. ఆయన చెప్పింది పదమూడు డిగ్రీల నలభై రెండు నిమిషాలు. డిగ్రీకి అరవై నిమిషాలు గదా, వంద కాదు. వాళ్లు ముప్పై కిలోమీటర్లు దక్షిణంగా పోయి వెతికినారు. తాగే నీళ్లు కూడా లేక, మా బావ మూడో రోజు దొరికినాడు. బతికినాడు. నాతో మాత్రం మాట్లాడడు. నీ తప్పు నేను చెప్పేస్తే రేపటికి మర్చిపోతావమ్మా."

జాలేసింది. ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదా అని మళ్లీ మండింది కూడా. చూస్తే, ఆ జీపీఎస్ దిశను రేడియన్లనే వేరే కొలతలో ఇస్తోంది. ఆ లెక్కలో చుట్టంతా తిరిగొచ్చినా ఆరు పైచిలుకే. డిగ్రీల్లో ఇమ్మని ఒక్క మాట మార్చాను. సూది గిర్రున తిరిగి తూర్పు చూపించింది. మర్నాడు వచ్చినవాళ్లు యంత్రం తీసుకున్నారు. ఆయన నన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట అనలేదు. ఎంత బాగుందో దేంట్లో చెప్పాలో తెలియక కాబోలు.

సముద్రంలో అలా చిక్కుకున్నాక, ఆయన బతికున్నన్నాళ్లూ రత్నమన్న ఈ గడప తొక్కలేదు. నిన్నే మొదటిసారి. బాగైన పెట్టెలో చేపల వేట చోటు ఎక్కించమని, కాగితం చూసి "పదమూడు, నలభై ఎనిమిది" అన్నాడు.

"దేంట్లో అన్నా?" అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు.

"డిగ్రీలు, నిమిషాలు. ఆ దినం కూడా ఇట్ట చెప్పుంటే సరిపోయుండు. నేనే చెప్పలా. ఈ మాట ఆయనతో అనాల్సింది."

నేను అంకెలు ఎక్కిస్తూ తల ఎత్తలేదు. మళ్లీ కోపమొచ్చింది, ఈసారి ఇద్దరి మీదా.