పక్కపక్కనే రెండు పెన్నీలు

మెర్ల్ ట్రెగియర్ తవ్విన గుంట ఎక్కడుందో ఆమె వెళ్ళిపోయాక ఎవరూ చెప్పలేరు. మట్టి మళ్ళీ లోపలికి పోసి, కోసి తీసిన గడ్డిచెక్కని పైన అతికించి, బూటుకాలితో మూడుసార్లు గట్టిగా తొక్కుతుంది. ఆ మూడు తొక్కుళ్ళ పుణ్యమా అని మా చుట్టుపక్కల రైతులు ఆమెని గేటు దాటనిచ్చేవారు. నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ పట్టుకుని ఇంకెవరొచ్చినా కుక్కల్ని వదిలేవారు.

ముప్పై ఏళ్ళు ఉన్ని మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక ఈ పిచ్చిలో పడింది. బంగారం కోసమనుకునేరు! మా విక్టోరియా కొండల్లో బంగారాన్ని మా ముత్తాతలే ఊడ్చుకుపోయారు. మెర్ల్‌కి కావలసినవి వాళ్ళు పారేసుకున్న గుండీలు, బెల్టు బిళ్ళలు, పాత నాణేలు.

డెస్మండ్ పెన్‌రోజ్ పొలం కోసం నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. ఒకప్పుడు గని పనివాళ్ళు గుడారాలు వేసుకున్న వాలు అది. అక్కడ ఇంతవరకు ఒక్క డిటెక్టరూ అడుగుపెట్టలేదు. ఈ ఏప్రిల్లో ద్రాక్ష వేయడానికి నేల చీల్చే ముందు డెస్మండ్ ఒప్పుకున్నాడు, అదీ ఒక్క పూటకి.

"పైనుంచి ట్రాక్టర్‌తో చీల్చుకుంటూ వస్తా. మోకాలు దాటి లోతుకి దిగుతుంది దాని వెనకున్న ఇనప కొక్కెం. నేను కిందికొచ్చేలోపు ఏరుకున్నది నీది. తర్వాత నా బుర్ర తినకు" అన్నాడు.

"మధ్యలో టీకైనా ఆగవా?"

"నీకోసమా? చచ్చినా ఆగను."

పది గంటలకల్లా మెర్ల్ సంచిలో ఏడు గుండీలు పడ్డాయి. ట్రాక్టర్ ఇంకా ఇరవై సాళ్ళ దూరంలో ఉంది. అప్పుడు హెడ్‌ఫోన్లలో గంట కొట్టినట్టు మోగింది. జానెడు లోతులో పెద్ద రాగి పెన్నీ! రాణి ముఖం చెక్కుచెదరలేదు. మెర్ల్ నాణేన్ని సంచిలో వేసి డిటెక్టర్ మళ్ళీ ఆడిస్తే, గుంట ఇంకా మోగుతూనే ఉంది.

రెండోది దొరికింది. అదే లోతు, అదే తీరు, బోర్లించినట్టు చదునుగా. మధ్యలో ఒక్క వేలి ఎడం.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. జేబులోంచి జారిన నాణేలు ఇలా పడవు. చిన్నప్పుడు, చనిపోయిన తాతయ్య కళ్ళు మూసి, రెప్పలు తెరుచుకోకుండా నాయనమ్మ రెండు పెన్నీలు పెట్టడం మెర్ల్ చూసింది. తన కళ్ళ మధ్య, ముక్కు మీద వేళ్ళు పెట్టుకుని చూసుకుంది. రెండు వేళ్ళు పట్టాయి. ఇక్కడ పెన్నీల మధ్య ఒక్కటే. చాలా చిన్న ముఖం.

పాత మేకులు చెవులు హోరెత్తిస్తాయని డిటెక్టర్‌లో ఇనుము మోతని ఆపేసి తిరుగుతారు ఈ పని చేసేవాళ్ళు. మెర్ల్ ఇప్పుడు ఆ మోతని మళ్ళీ రానిచ్చింది. సన్నగా, గరగరమంటూ మేకులు పలికాయి. ఒక వరస, ఒక మలుపు, మళ్ళీ వరస. పొడవు మూడడుగులు. దాని బయట నిశ్శబ్దం.

ట్రాక్టర్ ఆరు సాళ్ళ దూరానికి వచ్చేసింది.

ఇది సమాధి అని చెబితే పోలీసులొచ్చి తాళ్ళు కడతారు, డెస్మండ్ ద్రాక్ష ఈ ఏటికి గోవిందా. ఆ కబురు ఊళ్ళన్నీ తిరిగాక మెర్ల్‌కి ఏ గేటూ తెరుచుకోదు. చెప్పకుండా మూడుసార్లు తొక్కేస్తే పది నిమిషాల్లో ఇక్కడ ఏమీ మిగలదు. ఆమె ఆ ఆలోచన చేయలేదని నేను బొంకను. చేసింది. బూటు మోపబోయింది కూడా.

తర్వాత వెళ్ళి ట్రాక్టర్‌కి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో! నీకు మతి పోయిందా?" డెస్మండ్ అరిచాడు. కొక్కెం ఆమెకి పది గజాల దూరంలో నేలని చీలుస్తూనే ఉంది.

"దిగు డెస్. తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఇది విను."

బండి ఆపి, గొణుక్కుంటూ దిగాడు. మెర్ల్ అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, డిటెక్టర్ చేతిలో పెట్టి, పెన్నీలు చూపించి సంగతి చెప్పింది. అతను ఆ మేకుల వెంట నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. మొదలైనచోటికే వచ్చి ఆగాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

డెస్మండ్ హెడ్‌ఫోన్లు తీసి, "పోలీసులకి నువ్వు ఫోన్ చేస్తావా, నేను చెయ్యనా?" అన్నాడు.

"నేనే చేస్తా."

"నిన్ను గేటు లోపలికి రానిచ్చినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి" అన్నాడు. అన్నాడు గానీ, వెళ్ళి కొక్కేన్ని నేలలోంచి పైకి లేపేశాడు.

మెర్ల్ సంచిలోని పెన్నీని తుడవకుండా, ఎలా దొరికిందో అలాగే గుంటలో రెండోదాని పక్కన పెట్టింది. మట్టి పోసింది. గడ్డిచెక్క అతికించింది. అలవాటు కొద్దీ కాలు పైకి లేచింది.

"ఏం, తొక్కవేం?" అన్నాడు డెస్మండ్ వెనకనుంచి.

మెర్ల్ కాలు వెనక్కి తీసుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిని రెండు అరచేతులతో మెల్లగా అదిమింది.