ఉగాది నాటి ఒకటో నంబరు బిల్లు

దినపత్రిక డెస్కు మీద పనిచేసేవాడికి రోజు సాయంత్రమే మొదలవుతుంది. అందుకని ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పొద్దుటి పూటలు చాలావరకు అక్క వాళ్ల కొట్లోనే గడిచాయి. బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ వైపు వెళ్లే దారిలో ఒక పక్క సందులో ఉండేది అది. నీళ్ల మోటార్ల సామాను అమ్మేవారు. బేరింగులు, ఫుట్ వాల్వులు, ఇంపెల్లర్లు, రబ్బరు వాషర్లు. గ్రీజు వాసనా, కొత్త రబ్బరు వాసనా కలిసి ఆ కొట్టుకి ఒక వాసన వచ్చింది. ఇప్పటికీ ఏ మెకానిక్ షాపు ముందు నుంచి వెళ్లినా నాకు బావ గుర్తొస్తాడు.

శనివారం మాస్టారు వచ్చేవారు. ఆయన ఎవరికీ ఎప్పుడూ పాఠం చెప్పినవారు కాదు. ఆ సందులోని కొట్లన్నిటికీ లెక్కలు రాసేవారు. ఒక్కో కొట్టుకి వారంలో ఒక్కో పూట. సొంతంగా గుమస్తాను పెట్టుకునే స్తోమత లేని చిన్న వ్యాపారులు అందరూ కలిసి ఒక మనిషిని పంచుకున్నట్టు ఉండేది ఆ ఏర్పాటు. ఇప్పుడు దీన్ని ఔట్‌సోర్సింగ్ అంటున్నారు. అప్పట్లో మేం "మాస్టారు వచ్చారా" అని మాత్రమే అనేవాళ్లం. ఆయన వచ్చి, స్కూటరు నీడలో పెట్టి, ఫ్యాను కింద స్టూలు లాక్కుని, ఇనుప ఊచకు గుచ్చిన బిల్లులు ఒక్కొక్కటే తీసి చూసేవారు. పక్క హోటలు నుంచి కాఫీ వచ్చేది. సగం తాగి, మిగతా సగం చల్లారాక తాగేవారు.

అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చిన కొత్తలో సందంతా గగ్గోలుగా ఉండేది. ఒక శనివారం బావ ఆయన్ని పట్టుకున్నాడు.

"అసలేంటండీ ఇది? ఒక్క ముక్కలో చెప్పండి."

"సరుకు కొన్నప్పుడు మీరు పన్ను కట్టారా?" అన్నారు మాస్టారు.

"కట్టాను."

"అమ్మినప్పుడు పన్ను వసూలు చేశారా?"

"చేశాను."

"ఈ వసూలు చేసినదాంట్లోంచి ఆ కట్టింది మినహాయించుకుని, మిగిలింది సర్కారుకి కట్టాలి. అంతేనండీ."

"మినహాయించుకోనిస్తారా వాళ్లు?"

"మీకు అమ్మినవాడు సరైన బిల్లిచ్చి, ఆ పన్ను తను కట్టుంటే ఇస్తారు. కాలవ నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? పైచేను వాడు నీళ్లు వదిలితేనే కదా కింది చేను తడిసేది."

బావ "అంటే నా నీళ్లు ఇంకోడి చేతిలో ఉన్నాయన్నమాట," అన్నాడు.

"మీ కింద చేను వాడి నీళ్లు మీ చేతిలో ఉన్నాయి కదండీ. అది మర్చిపోతారే?"

బావ వ్యవసాయం వదిలి వ్యాపారంలోకి వచ్చినవాడు. ఆ మాట ఆయనకి చప్పున అర్థమైంది. తర్వాత సందులో మిగతావాళ్లకి తనే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచాక వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చినప్పుడు కూడా మాస్టారు పెద్దగా కంగారుపడలేదు. "కాలవ అదేనండీ. లాకులు కంప్యూటరుకి అప్పగించారు, అంతే," అన్నారు.

బావకి ఒక పద్ధతి ఉండేది. ఉగాది నాడు కొత్త బిల్లు పుస్తకం తెరిచేవాడు. నంబర్లు మళ్లీ ఒకటి నుంచే అచ్చు వేయించేవాడు. పుస్తకం నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి బిల్లు కైకలూరు డీలరు పేరు మీద కోసేవాడు. చేపల చెరువులకి మోటార్లు బిగించే వ్యాపారం ఆ డీలరుది. ఎండలు ముదిరేకొద్దీ చెరువులకి నీళ్లు తోడాలి కాబట్టి ఉగాదికి ఆయన పెద్ద సరుకే తీసుకునేవాడు. బావ మాత్రం సీజను మాట ఎత్తేవాడు కాదు. "ఆయన చెయ్యి మంచిది," అనేవాడు. ఆ బిల్లు మీద తారీఖు రాసేచోట 'ఉగాది' అని రాసేవాడు. "పండగ పూట తారీఖేంట్రా?" అన్నాడు ఒకసారి నేను అడిగితే.

బావ పోయాక గల్లా దగ్గర అక్క కూర్చుంది. ఫుట్ వాల్వుకీ నాన్ రిటర్న్ వాల్వుకీ తేడా ఏమిటో ముందు నుంచీ తెలిసిన మనిషే. కొట్టు కుదురుగానే నడిచింది. ఉగాది బిల్లు కూడా బావ రాసినట్టే, అదే పేరు మీద, అదే మాటతో రాస్తూ వచ్చింది.

మాస్టారికి కంటి ఆపరేషన్ అయ్యాక స్కూటరు నడపొద్దన్నారు. అప్పుడు లెక్కలు బెంజ్ సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో ఉన్న ఒక చిన్న ఆఫీసుకి ఇచ్చాం. వాళ్లు ఆ ఏప్రిల్ నుంచి ఉన్న పాత బిల్లులన్నీ తీసుకెళ్లి కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. ఆపైన వాళ్లు మా కొట్టుకి రానక్కర్లేదు, మేం వాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు. బిల్లు కోయడం, ఫోటో తీయడం, వాట్సాప్‌లో పంపడం. నెలకోసారి ఎంత కట్టాలో వాళ్లే చెప్పేవారు.

"సంసారమంతా ఫోటోలు తీసి పంపమంటున్నార్రా," అనేది అక్క. "ఇంకా నయం, నన్నూ బిల్లు పక్కన నిలబడమన్లేదు."

పని మాత్రం చక్కగా జరిగేది. గడువు దాటేది కాదు. కాకపోతే మాస్టారికి మేం నోటితో చెప్పినవి తక్కువ, ఆయన స్టూలు మీద కూర్చుని చూసి తెలుసుకున్నవి ఎక్కువ. కొత్త ఆఫీసుకి మా నుంచి కాగితాలు మాత్రమే వెళ్లాయి. ఆ తేడా మాకు తర్వాతి ఏడాది మే నెలలో తెలిసింది.

ఆ రోజు నేను కొట్లోనే ఉన్నాను. కైకలూరు డీలరు ఫోన్ చేశాడు. చేతులకి గ్రీజు ఉందని అక్క స్పీకరు పెట్టింది.

"చెల్లెమ్మా, ఉగాది సరుక్కి నేను పన్నుతో సహా డబ్బు పంపించానా లేదా?"

"పంపించారు అన్నయ్యగారూ. ఏం?"

"మా ఆడిటరు ఆ బిల్లే లేదంటున్నాడు. కంప్యూటర్లో నీ కొట్టు పేరు మీద నాకేం కనపట్లేదంట. కనపడకపోతే మినహాయింపు రాదు, ఆ పన్ను నేనే చేతి నుంచి కట్టుకోవాలంట."

"కనపడకపోవడమేంటండీ? పంపించామే."

"అదే నేనూ అన్నా. 'మీ చెల్లెమ్మగారు మీకు బిల్లిచ్చి సర్కారుకి ఇవ్వలేదండీ' అని నవ్వాడు వాడు. నలుగురి ముందర." ఆయన గొంతు కాస్త తగ్గింది. "బావగారి రోజుల్నుంచీ నేను వేరే గడప తొక్కలేదు. ఈ సీజను సరుకు చెప్పే ముందు ఈ సంగతి తేల్చమ్మా. తేలకపోతే చెప్పు, వేరే వాళ్లు రోజూ ఫోన్లు చేస్తానే ఉన్నారు."

ఫోన్ పెట్టేశాక అక్క చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకుంది. కొట్టు బేరంలో సగం ఆయనదే. "ఈయన పోతే షట్టరు దించుకోవడమేరా," అంది. ఆ మాట బెదురుగా కాకుండా, బీరువాలో ఏం సరుకుందో చెప్పినట్టు చెప్పింది.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. మా లెక్కలు చూసే అమ్మాయిని చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఒక గొంతుగానే తెలుసు. కంప్యూటర్లో వెతికి, స్క్రీను మావైపు తిప్పింది.

"ఒకటో నంబరు ఎక్కే ఉంది మేడమ్. పోయిన ఏడాది ఏప్రిల్‌ది. మార్చిలో మీరు మళ్లీ అదే పంపారు. పాత ఫోటో పొరపాటున వచ్చిందనుకుని పక్కన పెట్టాను."

"అది పాతది కాదమ్మా. ఈ ఉగాదిది," అంది అక్క.

"మరి తారీఖేదండీ?"

"ఉగాది అని రాశాను కదా."

"రెండిటి మీదా ఉగాది అనే ఉంది మేడమ్."

అక్క ముందుకు వంగి చూసింది. రెండు ఫోటోలు పక్కపక్కన. అదే పేరు, అదే నంబరు, తారీఖు చోట తన చేతిరాతలో అదే మాట. మొత్తాలు వేరు. అమ్మాయి అంతవరకూ చూడలేదు. ఆ మాట తనే ఒప్పుకుంది. "రోజుకి ఎన్నో కొట్ల ఫోటోలు వస్తాయండీ."

"మరి రెండో నంబరు, మూడో నంబరు ఎలా ఎక్కాయి?"

"వాటి మీద తారీఖులున్నాయి కాబట్టి కొత్తవని తెలిసింది. నంబరు పక్కన ఇంగ్లీషు 'ఏ' అక్షరం పెట్టి ఎక్కించా. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక నంబరు ఒక్కసారే రావాలండీ. రెండోసారి ఇస్తే కంప్యూటరు తీసుకోదు. పోయినసారి ఉగాది ఏప్రిల్లో వచ్చింది, ఈసారి మార్చిలోనే వచ్చేసింది. రెండూ ఒకే ఏడాదిలో పడ్డాయి."

"మాకు సంవత్సరం మారింది తల్లీ."

"సర్కారుకి మారలేదు మేడమ్."

మరి ఇన్నేళ్లూ ఈ గొడవ ఎందుకు రాలేదు అని నాకు అనుమానం వచ్చింది. అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేశాను. ప్రతి ఉగాది బిల్లుకీ తన లెక్కల పుస్తకంలో తారీఖు వేసుకుని, నంబరు పక్కన సంవత్సరం చేర్చేవాడినని, డీలరు ఆడిటరుకి కూడా అలాగే కబురు పెట్టేవాడినని చెప్పారు. అక్క ఫోన్ అందుకుంది.

"ఒక్కసారైనా చెప్పలేదేంటండీ మాకు?"

"చెబితే మీ ఆయన ఉగాది మానేసేవాడా అమ్మా?" అన్నారు మాస్టారు.

దారి ఉంది అంది అమ్మాయి. పాత బిల్లు రద్దు చేసి, అదే సరుకుకి కొత్త నంబరుతో, తారీఖుతో ఇంకో బిల్లు ఇవ్వాలి. ఈ నెల రిటర్నులో చూపించి, ఆగిన పన్ను కట్టి, ఆలస్యానికి వడ్డీ మేం కట్టుకోవాలి. అయితే డీలరు తన దగ్గరున్న పాత బిల్లు వెనక్కి ఇవ్వాలి. "ఫోన్లో అడిగే మాట కాదిది," అంది అక్క.

మర్నాడు గుడివాడ మీదుగా కైకలూరు బస్సు ఎక్కాం. ఆ దారి నాకు చిన్నప్పుడు వరి చేల దారి. గుడివాడ దాటాక ఇప్పుడు రెండు పక్కలా చెరువులే, వాటిలో నీళ్లు చిలికే చక్రాలే. అక్క కిటికీ పక్కన కూర్చుని, ఏ చెరువు గట్టున ఏ మోటారుందో చూస్తూ వచ్చింది.

డీలరు మంచినీళ్లు ఇప్పించాడు. చల్లటి డ్రింకు తెప్పించలేదు. అక్క ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"అయితే తప్పెవరిదంటావు?"

"నాదేనండీ. తారీఖు వేయలేదు."

"వేయమని నేనూ ఏనాడూ అడగలేదులే," అని, గల్లా పైన ఉన్న దేవుడి పటం వెనక చెయ్యిపెట్టి బిల్లు తీశాడు. ఆడిటరుకి జిరాక్సు ఇచ్చి, అసలుది అక్కడ పెట్టుకున్నాడు. పసుపు మూలలు ఇంకా చెదరలేదు. "ఇదిచ్చేస్తే ఏం చేస్తారు?"

"అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, ఫైల్లో పెట్టాలంట."

ఆయన బిల్లుని వెనక్కి లాక్కున్నాడు. "ఉగాది బిల్లు మీద గీతా? సీజను మొదట్లో అదేం శకునం చెల్లెమ్మా? నేనివ్వను."

"ఇవ్వకపోతే మీ పన్ను మీకు రాదు అన్నయ్యగారూ."

ఆయనకి పన్ను పోగొట్టుకోవడమూ ఇష్టం లేదు, కాగితం వదలడమూ ఇష్టం లేదు. బయట ఎవరో పైపులు దింపుతుంటే అటు చూస్తూ కూర్చున్నాడు. నేనేదో సర్దిచెప్పబోతే అక్క కళ్లతోనే ఆపింది.

"మా ఆయన మీ పేరు మీద బోణీ చేసింది మీ చెయ్యి మంచిదని," అంది. "కాగితం మంచిదని కాదు కదండీ. ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. కానీ అక్క చెయ్యి చాచి తీసుకుంటే ఆపలేదు. ఆవిడ బిల్లు ఒళ్లో పెట్టుకుని, నా జేబులోంచి పెన్ను తీసుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి కాకుండా, పసుపుకి తగలకుండా మధ్యలో నిలువుగా గీత గీసింది. రద్దు అని రాసి సంతకం చేసింది. సంచిలోంచి కొత్త బిల్లు తీసి డీలరుకిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"దీనిమీద తారీఖుందే," అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి ముగ్గురికీ డ్రింకులు తెమ్మన్నాడు.

సరుకు మాట మాత్రం ఎత్తలేదు. తిరుగు ప్రయాణంలో అక్క గుడివాడ దాకా పాత బిల్లు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత, "వడ్డీ ఎంతవుతుందో ఆ అమ్మాయిని కనుక్కో," అంది.

ఆ నెల రిటర్ను వేశాక బిల్లు ఆయన ఆడిటరుకి కనిపించిందని ఆఫీసు అమ్మాయే మాకు చెప్పింది. ఆయన చెప్పలేదు. వారం తర్వాత పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేను స్పీకరు పెట్టాను.

"ఫుట్ వాల్వులు ఎంతకేస్తున్నావమ్మా?"

"పోయినసారి రేటేనండీ."

"పోయినసారి రేటేంటి? నన్ను నెల్లాళ్లు ఆడిటరు చుట్టూ తిప్పి, ఇంకా అదే రేటంటావా?"

"ఇద్దరం బస్సెక్కి వచ్చాం అన్నయ్యగారూ. ఛార్జీలు మావే," అంది అక్క. "రూపాయి తగ్గదు. ఎన్ని కావాలో చెప్పండి, రాసుకుంటాను."

అవతల ఆయన గొణిగాడు. ఆ గొణుగుడు మాకు అలవాటైనదే. ఆయన లెక్క చెప్పడం మొదలుపెట్టేసరికి అక్క పుస్తకం దగ్గరికి లాక్కుని, ముందు తారీఖు వేసింది.